ఒకే మిల్లు ఊరిలో యువతకు ఉపాధి శిక్షణ: కాగజ్‌నగర్ అనుభవం, పట్టణ భాగస్వామ్యం ఆవశ్యకత

ప్రవేశిక

ఒకే పెద్ద పరిశ్రమ చుట్టూ పెరిగిన పట్టణంలో యువతకు పని నేర్పే బడి కూడా ఆ పరిశ్రమే అవుతుంది. అది నడిచినంతకాలం ఈ ఏర్పాటులో లోపం కనబడదు. మూతపడిన రోజున జీతాలతో పాటు పని నేర్చుకునే దారీ మూసుకుపోతుంది. కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. శిక్షణ బాధ్యతను మిల్లు ఒక్కదానికే వదలకుండా మున్సిపాలిటీ, ఐటీఐలు, పాలిటెక్నిక్, సింగరేణి, గిరిజన సంక్షేమ యంత్రాంగం కలిసి పంచుకోవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

చారిత్రక నేపథ్యం

హైదరాబాద్ రాజ్యం 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ నెలకొల్పి పరిశ్రమల్లో పెట్టుబడులు పెట్టింది. ఆ కాలపు పారిశ్రామికీకరణలో భాగంగా 1938లో ఇక్కడి సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. వెదురు అడవులు, పెద్దవాగు నీరు, సింగరేణి బొగ్గు, కాజీపేట–బల్లార్షా రైలుమార్గం ఒకేచోట కలిసిరావడం ఈ ప్రాంతానికి అనుకూలించింది. తర్వాత సిర్‌సిల్క్ పరిశ్రమ కూడా వచ్చింది, కానీ అది 1980లలోనే మూతపడింది. దాంతో ఊరి బతుకు భారమంతా పేపర్ మిల్లు మీదే పడింది.

2014 సెప్టెంబరులో ఆ మిల్లులోనూ ఉత్పత్తి ఆగింది. దివాలా చట్టం కింద విచారణ జరిగి, 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చింది. పునరుద్ధరణకు రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. 2014లో పదో తరగతి ముగించిన విద్యార్థి రెండేళ్ల ఐటీఐ కోర్సు, ఆపైన ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసే వయసుకు వచ్చేదాకా మిల్లు మూతపడే ఉంది. ఆ నాలుగేళ్ల నష్టాన్ని జీతాల లెక్కతోనే కొలిస్తే సరిపోదు. సీనియర్ పక్కన నిలబడి పని నేర్చుకోవాల్సిన ఒక వరస పిల్లలకు ఆ అవకాశమే లేకుండా పోయింది.

అనుభవం ఉన్నా పత్రం లేకపోతే

కాగితం తయారీ ఒక్క పని కాదు. చిప్పర్ హౌస్‌లో కలపను ముక్కలు చేయడం, డైజెస్టర్‌లో ఉడికించడం, గుజ్జును కడిగి తెల్లబరచడం, పేపర్ మెషీన్ నడపడం, బాయిలర్ నడపడం, ఇన్‌స్ట్రుమెంట్ల నిర్వహణ వేర్వేరు నైపుణ్యాలు. ఇవి పుస్తకంలో కంటే షిఫ్టులోనే ఎక్కువ అబ్బుతాయి. అయితే షిఫ్టులో నేర్చిన పనికి గుర్తింపు పత్రం ఉండదు. గేటు మూతపడితే ఇరవై ఏళ్ల అనుభవం కూడా కొత్త యాజమాన్యం ముందు నోటి మాటగానే మిగులుతుంది. బాయిలర్ నడిపేవారి సంగతి వేరు. వారికి చట్టప్రకారం అర్హతా పత్రం తప్పనిసరి కాబట్టి ఆ పత్రం ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది. ఈ భద్రత మిగతా విభాగాల వారికీ దక్కాలి. పనిలో సంపాదించిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. బల్లార్‌పూర్, సారపాక, రాజమహేంద్రవరంలోనూ పేపర్ మిల్లులున్నాయి. చేతిలో పత్రం ఉన్న కాగజ్‌నగర్ కార్మికుడికి ఆ ఊళ్ల గేట్లు కూడా తెరుచుకునే వీలుంటుంది.

చట్టం ఇచ్చే ఆధారం

అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చింది. 2019 నిబంధనల సవరణ ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థ అప్రెంటిసులను తీసుకోవాలి. వారి సంఖ్య సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు రూ.1,500 పరిమితికి లోబడి, కేంద్రం భరిస్తుంది. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం చట్టంలో లేదు. అయితే 2014 సవరణ తర్వాత ఈ విషయంలో ప్రతి యాజమాన్యం తన విధానాన్ని రూపొందించుకోవాలి. ఆ విధానం ఊరికి తెలిస్తేనే అప్రెంటిస్‌షిప్ మీద యువతకు నమ్మకం కుదురుతుంది.

రాష్ట్ర స్థాయిలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమం 2024లో మొదలైంది. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ చట్టం వచ్చింది. ఇవి ఆహ్వానించదగ్గ అడుగులు. కానీ హైదరాబాద్‌లో రూపొందిన కోర్సు కాగజ్‌నగర్‌లో ఉద్యోగంగా మారాలంటే ఈ ఊరిలో దాన్ని పట్టించుకునే వేదిక ఉండాలి.

బోస్టన్ ఒప్పందం నేర్పే పాఠం

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1982లో ప్రభుత్వ పాఠశాలలు, వ్యాపార సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి. హాజరు, చదువు మెరుగుపరుస్తామని బడులు, ఆ విద్యార్థులకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని సంస్థలు మాటిచ్చాయి. ఇరుపక్షాల హామీలూ రాతలో ఉండటం దాని బలం. బోస్టన్‌లా కాగజ్‌నగర్‌లో వందల సంస్థలు లేవు. అందుకే ఇక్కడి ఒప్పందం పట్టణ పొలిమేర దాటి రెబ్బెన మండలం గోలేటిలోని సింగరేణి ఏరియాను, బెల్లంపల్లి ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను, ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏను కలుపుకోవాలి.

ప్రతిపాదనలు

మొదటిది, మున్సిపల్ చైర్‌పర్సన్ ఆధ్వర్యంలో యాజమాన్యాలు, కార్మిక సంఘాలు, విద్యాసంస్థలు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ప్రతినిధులతో శిక్షణ మండలి ఏర్పడాలి. రెండోది, ఎన్ని అప్రెంటిస్ ఖాళీలున్నాయో, శిక్షణ ముగిశాక ఎందరికి పని దొరికిందో ఏటా ప్రకటించాలి. మూడోది, పాత కార్మికుల నైపుణ్యాన్ని పరీక్షించి పత్రాలివ్వాలి, వారిలో ఆసక్తి ఉన్నవారిని శిక్షకులుగా తీసుకోవాలి. నాలుగోది, సిర్పూర్, కౌటాల, బెజ్జూరు మండలాల గిరిజన యువతకు వసతితో కూడిన సీట్లు కేటాయించాలి. ఇన్‌స్ట్రుమెంటేషన్, నాణ్యతా పరీక్షల విభాగాల్లో అమ్మాయిలకు ప్రాధాన్యమివ్వాలి.

ముగింపు

ప్రజాధనంతో రాయితీలు పొందిన పరిశ్రమను ఆ ఊరి పిల్లలకు పని నేర్పమని అడగడం న్యాయమే. అయితే మిల్లు నడిస్తేనే పనికొచ్చే నైపుణ్యం సగం నైపుణ్యమే. మిల్లు నడిచినా ఆగినా చెల్లే పత్రాన్ని ప్రతి యువకుడికీ, యువతికీ అందించడమే పట్టణ భాగస్వామ్యానికి గీటురాయి కావాలి. మున్సిపల్ పాలకవర్గం, జిల్లా యంత్రాంగం మిల్లు నడుస్తున్న ఈ రోజుల్లోనే ఆ పనికి పూనుకోవాలి.