హృద్రోగ వనౌషధాలు: హైదరాబాద్ పాతబస్తీ

గుండెకు బలమిచ్చి, దెబ్బతినకుండా కాపాడతాయని పేరున్న మొక్కల మందులు హైదరాబాద్ పాతబస్తీలో ప్రధానంగా యునానీ వైద్యంతో స్థిరపడ్డాయి. హకీంలు వీటిని 'ముఖవ్వీ ఖల్బ్' అంటారు. గావ్‌జబాన్ ఆకు, గులాబీ రేకులు, చందనం, కుంకుమపువ్వు ఈ కోవలోవి. కషాయాన్ని పంచదార పాకంలో కలిపి తెల్లబడేదాకా చిలికితే ఖమీరా, నీళ్లలో నానబెట్టి బట్టీ పడితే అర్ఖ్. ఖమీరా అబ్రేషమ్‌లో పట్టుకాయ, ఖమీరా మర్వారీద్‌లో ముత్యం ముఖ్యం కనుక ఆ రెంటినీ పూర్తిగా మొక్కల మందులనడానికి లేదు.

ఈ మందుల వెనకున్న ఆలోచన ఇబ్న్ సీనా (980–1037)ది. గుండె మందుల మీదే ఆయన విడిగా ఒక గ్రంథం రాశాడు. గుండె బలాన్నీ మనసు ఉల్లాసాన్నీ ఆయన వేరు చేసి చూడలేదు. అందుకే గుండెదడకూ దిగులుకూ హకీంలు తరచు ఒకే ఖమీరా రాస్తారు.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595 ప్రాంతంలో దారుల్‌షిఫా వైద్యశాలను కట్టించాడు. ఆ పేటకు నేటికీ అదే పేరు. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని హకీంలు నిజాముద్దీన్ అహ్మద్ గిలానీ, అబ్దుల్ జబ్బార్ గిలానీలకు 1651లో కట్టిన జంట సమాధులు కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోనే ఉన్నాయి. వైద్యులకు అంతటి గౌరవం అరుదు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. ఆ తర్వాత అసఫ్‌జాహీ పాలకులూ హకీంలను ఆదరించారు.

1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు వచ్చింది. తర్వాతి కాలంలో దాని ప్రిన్సిపాల్ అయిన ఎడ్వర్డ్ లారీ, మత్తుమందు క్లోరోఫాం ఇచ్చినప్పుడు ముందు ఆగేది గుండె కాదు, ఊపిరేనని నమ్మాడు. అది తేల్చడానికి 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇవ్వగా, 'లాన్సెట్' పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. విద్యార్థిగా ఉన్నప్పుడే గుండె జబ్బులకు వాడే డిజిటాలిస్ మొక్క మీద పరిశోధన చేసి, 1867లో గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడి చూపిన దిట్ట ఆయన. ఎన్నో జంతువుల మీద ప్రయోగాలు జరిపి కమిషన్ లారీ మాటే ఖాయం చేసింది. 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు ఆ తీర్పును తోసిపుచ్చాయి: క్లోరోఫాం తేలికగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదు. ప్రస్తుత విషయానికి ఇది పక్కదారే. అయినా గుండెకు ఏది హాని, ఏది కాదన్న ప్రశ్నను ప్రయోగశాలలో తేల్చుకోవాలని ఈ నగరం అంత ముందుగా ఖర్చు పెట్టడం మెచ్చదగినది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి, తిబ్బీ కళాశాల వెలిశాయి. ఇంచుమించు అదే కాలంలో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ పరిశోధన మొదలుపెట్టాడు. హకీంలు అస్రోల్ పేరుతో పిచ్చికీ, నిద్రలేమికీ ఇచ్చే సర్పగంధి వేరు నుంచి 1931లో ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేసి, అప్పటికే కన్నుమూసిన హకీం పేరు మీద దానికి అజ్మలీన్ అని పేరు పెట్టాడు. ఇది గుండె కణాల్లోకి సోడియం ప్రవేశాన్ని అడ్డుకుని లయను మారుస్తుంది. బ్రుగాడా అనే పుట్టుకతో వచ్చే లయదోషాన్ని ఇ.సి.జి.లో బయటపెట్టడానికి ఇప్పటికీ వాడతారు. అదే వేరు నుంచి 1952లో రక్తపోటు మందు రిసర్పిన్ వచ్చింది. రక్తపోటుకు ఆ వేరు పనికొస్తుందని 1949లోనే బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ప్రకటించాడు.

ఆయుర్వేదంలో గుండెకు తెల్లమద్ది బెరడును పాలలో కాచి ఇస్తారు. 1995లో ఇండోర్ వైద్యులు మందులకు లొంగని గుండె వైఫల్యంలో దాన్ని పరీక్షించి ఉపశమనం చూశారు, కానీ రోగులు పన్నెండు మందే. ఎలుకల్లో గుండె కండరాన్ని కాపాడిన మొక్కల పదార్థాల జాబితా చాంతాడంత ఉంది. గుగ్గిలం కథ వేరు: కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని దేశంలో అమ్మకానికి వచ్చిన గుగ్గులిపిడ్, 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో చెడు కొలెస్ట్రాల్‌ను కాస్త పెంచింది. పచ్చగన్నేరు గింజలోనూ డిజిటాలిస్ జాతి పదార్థాలే ఉన్నాయి. అది మందు కాదు, విషం.

హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థకు బొల్లి చికిత్సలో పేరొచ్చింది గాని గుండె మందుల్లో కాదు. విచిత్రమేమిటంటే, ఈనాటి కఠిన పరీక్షల్లో నిలిచిన పదార్థం హకీంలు గుండె కోసం వాడనిది. కీళ్లనొప్పులకు మాజూన్‌గా (లేహ్యంగా) ఇచ్చే సూరింజాన్ దుంప జాతిలో కోల్చిసిన్ ఉంటుంది. 2020లో 5,522 మంది దీర్ఘకాల గుండెరోగుల మీద జరిగిన పరీక్షలో, రోజుకు 0.5 మిల్లీగ్రాముల కోల్చిసిన్ గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులను 31 శాతం తగ్గించింది. రక్తనాళాల్లో వాపును అణచడమే దాని పని. 2023 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అనుమతించింది. అయితే 2024లో, గుండెపోటు వచ్చిన వెంటనే ఏడు వేల మందికి పైగా రోగులతో జరిపిన మరో పరీక్షలో ఆ మేలు కనపడలేదు. ముడి సూరింజాన్‌లో కోల్చిసిన్ పరిమాణం దుంపకూ దుంపకూ మారుతుంది. మోతాదు మించితే వాంతులు, విరేచనాలతో మొదలై మూలుగ, మూత్రపిండాల దాకా దెబ్బతింటాయి.