వార్ధా దాటలేకపోయిన పీష్వా

మన తుకుం నుంచి పాత ఊళ్ళోకి వెళ్తే జట్‌పురా గేటు వస్తుంది. ఆ కోట గోండు రాజులు కట్టించిందని మన పిల్లలకు కూడా తెలుసు. 1818లో ఆ కోట మీదికి వచ్చిన సైన్యంలో తెలుగువాళ్ళు ఉన్నారా అని మాత్రం మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అప్పుడు ఈస్టిండియా కంపెనీకీ మరాఠాలకూ ఆఖరి యుద్ధం నడుస్తోంది. ఖడ్కీలో దెబ్బతిన్న పీష్వా రెండో బాజీరావు నెలల తరబడి తప్పించుకు తిరుగుతూ ఏప్రిల్‌లో వణీ వైపు వచ్చాడు. ఘుగ్గుస్ మీదుగా మనం వెళ్ళే వణీయే. మధ్యలో వార్ధా నది. దాటితే చాందా కోట, అంటే మన చంద్రపూర్, నాగపూర్ భోంస్లేల చేతిలో ఉంది. సాయం కోరిన అప్పాసాహెబును కంపెనీ మార్చిలోనే బంధించింది. అయినా కోట నిలిచే ఉంది.

ఎండాకాలంలో వార్ధా ఎంత సన్నబడుతుందో మనం చూస్తూనే ఉంటాం. పీష్వాను ఆపింది నీళ్ళు కాదు. నాగపూర్ నుంచి కర్నల్ స్కాట్ దళం ముందే ఇవతలి ఒడ్డుకు చేరి, వరోరా దగ్గర పీష్వా ముందు దళాన్ని వెనక్కి తరిమింది. చిన్న తాకిడి కాబట్టి పుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెడతాయి. మా దృష్టిలో చాందా రాత అక్కడే మారిపోయింది. ఏప్రిల్ 17న పాండర్‌కవడా దగ్గర కర్నల్ ఆడమ్స్ చేతిలో ఓడి బాజీరావు గుర్రమెక్కి పారిపోయాడు. ఇక చాందాకు వచ్చేవాళ్ళు లేరు. ఆడమ్స్ ఫిరంగులతో గోడ బద్దలు కొట్టించాడు. మే 20న కోట పడింది. కిల్లేదారు గంగాసింగ్ సహా చాలామంది చనిపోయారు.

ఈ స్కాట్ అంతకుముందు నవంబరులో సీతాబర్డీ గుట్ట మీద పోరాడినవాడు. అప్పుడు ఆయన వెంట ఉన్నవి మద్రాసు 20వ, 24వ పటాలాలు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనే పిలిచేవారు. బొగ్గు గనుల కోసం, పవర్ హౌస్ కోసం వచ్చామని చెప్పుకునే మనకంటే ముందే, జీతం కోసం తుపాకీ పట్టుకుని మన భాష ఇటు వచ్చిందన్నమాట. గర్వపడాలో, సిగ్గుపడాలో మాకైతే తేలలేదు.

మీ ఇళ్ళలో పటాలంలో పనిచేసిన ముత్తాతల కబుర్లు ఉంటే కింద రాయండి.