అమ్మరాదన్న ఇల్లు అమ్మవచ్చునా?

ఇల్లు కొనేటప్పుడు గాలి వస్తుందా, నీళ్ళున్నాయా, వంటిల్లు ఏ మూలన ఉంది అని మనం పదిసార్లు చూస్తాం. కాగితాల్లో "ఇతరులకు అమ్మరాదు" అన్న ముక్క ఉందేమో చూసేవాళ్ళం తక్కువ. ఆ ముక్క చెల్లుతుందా అంటే, ముందు అది ఎవరు రాశారో తెలియాలి.

మనిషికి మనిషి పెట్టే షరతు సంగతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పదవ సెక్షనులో ఉంది. ఆస్తిని పూర్తిగా ఇచ్చేసి, "ఎన్నడూ ఎవరికీ అమ్మకూడదు" అంటే ఆ షరతు చెల్లదు. ఇచ్చింది నిలుస్తుంది, వేసిన ముడి ఊడిపోతుంది. కొద్దిపాటి కట్టడి మాత్రం వేరు. కుటుంబం బయటివారికి అమ్మరాదన్న షరతును 1932లో ప్రీవీ కౌన్సిలు నిలబెట్టింది.

ఇక ఆడవారి సంగతి. నెల్లూరు ప్రాంతపు తులసమ్మ గారు భర్త పోయాక, ఆయన సోదరునిపై మనోవర్తికి దావా వేశారు. 1949లో రాజీ కుదిరింది. బ్రతికినన్నాళ్ళు ఆస్తిని అనుభవించాలే గాని అమ్మకూడదన్నారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆమె అందులో కొంత అమ్మితే తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తికి ఆమే సంపూర్ణ యజమానురాలని 1977లో కోర్టు తీర్పు చెప్పింది. అయితే ఏ పాత హక్కూ లేకుండా, వీలునామాలో కొత్తగా పరిమితంగా ఇచ్చిన ఆస్తికి ఇది వర్తించదు సుమండీ.

ఆ 1977లోనే మన రాష్ట్రంలో ఇంకో ముడి గట్టిగా బిగిసింది. దాని మొదలు అంతకుముందే ఉంది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 జూన్‌లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేదలకిచ్చే సర్కారు భూమి వారసులకు వస్తుంది గాని, అమ్మడానికి వీల్లేదని అప్పట్లో అందులో పెట్టారు. మన కడప, కర్నూలు పల్లెల్లో డీకేటీ పట్టా అనేది ఇదే. ఎందుకిలా? వానలు లేని ఏడు గింజల కోసం, అప్పు కోసం పేదవాడు మొదట వదులుకునేది నేలనే. షరతు ఉన్నా అమ్మకాలు ఆగలేదు. అందుకే 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. కలెక్టరు కొన్నవారిని ఖాళీ చేయించి, భూమిని మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు.

తర్వాత ఇళ్ళ స్థలాలకు కొంత సడలింపు వచ్చింది. పట్టా పొందిన 20 ఏళ్ళకు అమ్ముకోవచ్చని 2019లోనూ, దాన్ని 10 ఏళ్ళకు తగ్గిస్తూ 2021లోనూ చట్టాన్ని సవరించారు.

చూశారా అమ్మా! మనిషి వేసిన ముడి కోర్టులో ఊడవచ్చు. సర్కారు పట్టాలోని ముడి మాత్రం గడువు తీరకుండా ఊడదు. "సెంటు చవగ్గా వస్తోంది, స్టాంపు కాగితం మీద రాసుకుందాం" అని ఎవరైనా అంటే, మెడలో గొలుసు తీసి కుదువ పెట్టకముందే మొదటి పట్టా చూపించమనండి. అది ఏ సంవత్సరానిదో చూడండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. అమ్మే మనిషి ఎంత మంచివారైనా, తమకు లేని హక్కును మనకు అమ్మలేరు.