బల్దేర్ బండి: తండా మాట పుస్తకం పేరైన చరిత్ర

మారేడ్‌పల్లిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న లంబాడీ పిల్లలం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2018లో ‘బల్దేర్ బండి’ అనే కవితా సంపుటి వచ్చింది. రాసింది రమేశ్ కార్తీక్ నాయక్. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి దగ్గర వివేక్‌నగర్ తండా ఆయనది. పుట్టింది 1997లో. అంటే తొలి పుస్తకం నాటికి ఇంచుమించు మా వయసే. కవితలు తెలుగులో ఉన్నా పేరు మాత్రం మా గోర్ బోలీది. ఎద్దుల బండి అని అర్థం. ఆ ఎద్దుల వెనక పెద్ద చరిత్రే ఉంది.

మా పూర్వీకులది లదేణీ బతుకు. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగేవాళ్లు. 1803లో మరాఠాలతో యుద్ధానికి వెళ్లిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యం కూడా బంజారాలు మోసుకొచ్చిన ధాన్యం తిన్నదే. తర్వాత రోడ్లు పడ్డయి, రైళ్లొచ్చినయి. మేము ఊరికి పోయేటప్పుడు రైలెక్కే సికింద్రాబాద్‌కు 1874లోనే వాడి నుంచి రైలు నడిచింది. బస్తాలు వ్యాగన్లెక్కినయి, ఎద్దులకు పని పోయింది. ఆ రోజుల్లోనే, 1871లో, తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, చాలాచోట్ల సంచార జాతులకు దొంగల ముద్ర వేశారు. మావాళ్లకూ ఆ ముద్ర తప్పలేదు. చట్టం 1952లో పోయింది కానీ చిన్నచూపు అంత తొందరగా పోలేదు. తెలంగాణలో మాకు ఎస్టీ గుర్తింపు రావడానికి 1976 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఇన్నాళ్లూ మా గురించి రాసింది ఎక్కువగా దొరలు, అధికారులు, బయటివాళ్లు. మాకు మాత్రం పాటలే పుస్తకాలు. గోండీకి గుంజాల లిపి ఉంది, గోర్ బోలీకి సొంత లిపి లేదు. పాట తెలిసిన అవ్వ పోతే పాటా పోతది. అందుకే ఒక తండా పిలగాడు తెలుగు అక్షరాల్లో తండా బతుకు రాసి, దానికి మా మాటే పేరు పెట్టడం మాకు చాలా పెద్ద విషయం. ఆయన అక్కడే ఆగలేదు. ‘ఢావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

హాస్టల్లో ఫోన్లో యాడితో మాట్లాడాల్సి వస్తే మాలో చాలామంది ఇప్పటికీ బయటికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడతారు. నలుగురిలో మన భాష వినపడితే నవ్వుతారని భయం. పుస్తకం అట్ట మీద అచ్చయిన మాటను నోటితో పలకడానికి సిగ్గెందుకు?

కోయ, గోండు, కొలామ్, చెంచు, ఎరుకల దోస్తులూ, మీ భాషల్లో ఇట్లా వచ్చిన తొలి పుస్తకాలుంటే కింద రాయండి. లేకపోతే ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చుని ఒక్క పాటైనా రాసుకురండి. తెలుగు అక్షరాల్లోనైనా సరే.