కంప్యూటరు కొనుగోలులో అంతర్జాల రాయితీలు: ప్రకటనలోని ధర, ఇంటి లెక్కలోని ధర

కంప్యూటరు, లాప్‌టాప్, ప్రింటరు, మెమరీ వంటి సామగ్రి అంతర్జాల అంగళ్ళలో ముద్రిత ధరకంటె బాగా తక్కువకు దొరకడం నేడు సామాన్య విషయం. ఆ తగ్గింపు కొన్నవారికి పూర్తిగా దక్కుతుందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. కోలారు, బళ్ళారి, హొసూరు, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం పరిసరాలలోని తెలుగు ఇళ్ళలో పిల్లల చదువుకోసం మొట్టమొదటి కంప్యూటరు కొనే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. పట్టుగూళ్ళో వేరుశనగో అమ్మిన సొమ్ములో నుండి నలభై వేలు తీసి పక్కన పెట్టడం ఆ ఇళ్ళలో చిన్న నిర్ణయం కాదు. ప్రకటనలో కనిపించిన అంకె ఒకటి, చివరకు ఇంటి నుండి వెళ్ళిన సొమ్ము మరొకటి అయినప్పుడు ఆ తేడా ఎక్కడ పుట్టినదో తెలిసికొనడానికి ఈ వివరాలు పనికివస్తాయి.

రిబేటు అనే మాట

రిబేటు అంటే ముందు పూర్తి ధర చెల్లించి, తరువాత కొంత సొమ్ము తిరిగి పొందడం. 1990లలోను, 2000 తరువాతి దశకంలోను అమెరికాలో కంప్యూటరు సామగ్రి అమ్మకాలు చాలావరకు ఈ పద్ధతిపై నడిచాయి. పెట్టెపై ఉన్న బార్‌కోడును కత్తిరించి, రసీదు నకలు జతచేసి, ఫారం నింపి తపాలాలో పంపితే కొన్ని వారాలకు చెక్కు వచ్చేది. గడువు దాటినవారు, పెట్టెను పారవేసినవారు, ఫారంలో ఒక గడి మరచినవారు ఆ సొమ్మును పోగొట్టుకొనేవారు. అలా మరచేవారు ఉంటారన్న అంచనా అమ్మేవారి లెక్కలో ముందే ఉండేది. ఆ కాలంలో అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసిన తెలుగువారికి ఈ తంతు తెలిసినదే.

మన దేశంలో కత్తెర, తపాలా బిళ్ళ లేవుగాని తంతు మాత్రం మిగిలింది. కార్డుపై తక్షణ తగ్గింపు, తరువాత ఖాతాలో పడే క్యాష్‌బ్యాక్, పాత యంత్రం మార్పిడి, వడ్డీలేని వాయిదాలు, విద్యార్థి ధర, కొన్న తరువాత కంపెనీ పుటలో నమోదు చేసికొంటే లభించే అదనపు వారంటీ లేక బహుమతి అని దాని రూపాలు పలు విధాలు. వీటిలో తక్షణ తగ్గింపు ఒక్కటే చెల్లించే ముందే కంటికి కనిపిస్తుంది. మిగిలినవాటికి షరతులు, గడువులు ఉంటాయి. నమోదుపై లభించేవాటికి బిల్లు తేదీ నుండి ఇన్ని రోజులలోగా అన్న నియమం ఉంటుంది. యంత్రం వచ్చిన రోజు సంబరంలో దానిని ఎవరూ చదవరు.

శాతాన్ని కాదు, మూడు నెలల ధరను చూడవలె

ముద్రిత ధర అంటే అన్ని పన్నులు కలుపుకొని అంతకు మించి అమ్మరాదన్న హద్దు. ఆ అంకెను నిర్ణయించేది తయారీదారు లేక దిగుమతిదారే. కనుక 65,000 అని ముద్రించి 41,000కు అమ్మితే ముప్పయి ఏడు శాతం తగ్గింపు అని చాటవచ్చు. అదే లాప్‌టాప్ గత మూడు నెలలుగా 41,500కే అమ్ముడవుతూ ఉంటే అసలు తగ్గింపు 500 మాత్రమే.

దీనిని కనిపెట్టడానికి ధరల చరిత్ర చూపే సేవలున్నాయి. అమెజాన్ భారత విభాగంలోని వస్తువులకు కీపా అనే సేవ ధరల గీతను చూపుతుంది. అది చేతకానివారు కావలసిన వస్తువు ధరను వారానికొకసారి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొన్నా చాలు. జనవరిలో గణతంత్ర దినం, ఆగస్టులో స్వాతంత్ర్య దినం, దసరా నుండి దీపావళి వరకు జరిగే పెద్ద అమ్మకాల ముందు రెండు నెలలు ఇలా వ్రాసినవారికి ఏ ప్రకటనా అవసరం లేదు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ జరిపిన మొదటి పెద్ద అమ్మకం రోజున ధరలు మారుతున్నాయని, సరుకు నిమిషాలలో అయిపోయిందని ఫిర్యాదులు వెల్లువెత్తగా స్థాపకులే క్షమాపణ చెప్పవలసి వచ్చినది. "ఇంక రెండే మిగిలాయి", "పది నిమిషాలలో ముగియును" వంటి అబద్ధపు తొందరను, చివరి మెట్టులో రుసుములు చేర్చడాన్ని, అడగని వస్తువును బుట్టలో వేయడాన్ని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. అయినను చెల్లింపు పుటలో చివరి మొత్తాన్ని మరొకసారి చదవడం మానరాదు.

ఒకే పేరుతో నాలుగు రకాల లాప్‌టాప్‌లు ఉంటాయి. ప్రాసెసరు, మెమరీ, నిల్వ, తెర మారితే ధర వేలల్లో మారుతుంది. కాబట్టి పేరును కాక పూర్తి మోడల్ సంఖ్యను పోల్చవలె. మరీ చవకవాటిలో నిల్వ ఎస్.ఎస్.డి. కాక ఈఎంఎంసీ అనే నెమ్మది రకం కావచ్చు. 512 జీబీ అని కొన్నది తెరపై 476గా కనిపిస్తే అది మోసం కాదు. తయారీదారు వేయితో లెక్కించిన దానిని కంప్యూటరు 1,024తో లెక్కిస్తుంది, అంతే. ఆరు వందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అన్నది మాత్రం ముమ్మాటికీ మోసమే.

కార్డు ఒకరిది, కంప్యూటరు మరొకరిది

పల్లె కుటుంబాలకు ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. పది శాతం తగ్గింపు అన్న ప్రకటన క్రింద సన్న అక్షరాలలో ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుకు, గరిష్ఠంగా 1,500 అని ఉంటుంది. 40,000 వస్తువుపై 1,500 అంటే నాలుగు శాతం కూడా లేదు. సరుకు అందిన తరువాత నగదు ఇచ్చే పద్ధతిని ఎంచుకొంటే అది కూడా రాదు.

ఇంట్లో క్రెడిట్ కార్డు ఉండదు కనుక బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే మేనమామకో, పెద్దనాన్న కొడుకుకో ఫోను వెళుతుంది. సహాయం చేసేవారి మంచితనంలో లోటుండదు, లెక్కలో ఉంటుంది. క్యాష్‌బ్యాక్ వచ్చేది కార్డు యజమాని ఖాతాకు, అదీ చాలా ప్రకటనల ప్రకారం రెండు మూడు నెలలకు. వస్తువు త్రిప్పి పంపితే సొమ్ము తిరిగి చేరేది కూడా ఆ కార్డుకే. వాయిదాలు పెట్టుకొంటే ఒక నెల ఆలస్యమైనా వడ్డీ, జరిమానా, రుణ చరిత్రపై మచ్చ కార్డు యజమానివే. ఆ 1,500 కోసం చుట్టరికంలో మాట పడడం ఎవరికీ లాభం కాదు.

అందువల్ల ముందే మూడు సంగతులు తేల్చుకొనవలె. క్యాష్‌బ్యాక్ వస్తే ఎవరిది, త్రిప్పి పంపితే డబ్బు ఎన్నాళ్ళలో చేతికి ఇస్తారు, కార్డు బిల్లు గడువు ఏ తేదీ. బిల్లుపై పేరు, చిరునామా మాత్రం యంత్రం వాడే ఇంటివారివే ఇవ్వవచ్చు. కార్డు వేరొకరిదైనందువల్ల అందుకు సాధారణంగా అడ్డు లేదు. వారంటీకి, ఫిర్యాదుకు ఆ బిల్లే ఆధారం.

వడ్డీలేని వాయిదా లోపల

సున్నా వడ్డీ అన్న పేరుతో వడ్డీని మరుగుపరచే పథకాలను రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో తప్పుపట్టినది. నేటి "నో కాస్ట్ ఈఎమ్ఐ"లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మకందారు ధరలో తగ్గిస్తాడు. 36,000 లాప్‌టాప్‌ను ఏడాదికి 15 శాతం వడ్డీపై ఆరు వాయిదాలలో కొన్నారనుకొందాం. వాయిదా 6,000. బ్యాంకు లెక్కలో అసలు సుమారు 34,476, వడ్డీ సుమారు 1,524. ఇంతవరకు మొత్తం 36,000 సరిపోయినది. కాని ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, అనగా సుమారు 274, కొన్నవారే కట్టవలె. బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము 199 అయితే దానిపై పన్నుతో 235 అవుతుంది. వెరసి 36,509. ఒకేసారి చెల్లించేవారికి వేరే 1,500 తగ్గింపు ఉండి ఉంటే, వాయిదా పద్ధతికి అసలు ఖర్చు రెండు వేలు దాటినట్లే. చేతిలో సొమ్ము లేనప్పుడు ఆ రెండు వేలు న్యాయమైన ఖర్చే కావచ్చు. అది ఉచితం అనుకొనడమే పొరపాటు.

పాత యంత్రాలు, మార్పిడి

మార్పిడి ధర విషయంలో "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత అక్షరాలా సరిపోతుంది. పైగా చాలా పిన్‌కోడులకు మార్పిడి సదుపాయమే ఉండదు. పాత కంప్యూటరులో హార్డ్‌డిస్క్ ఉన్నట్లయితే దానిని ఎస్.ఎస్.డి.తో మార్చి ఇంట్లోనే ఉంచుకోవడం చాలాసార్లు మేలైన బేరం. ఈ విడిభాగాలకు బెంగళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ వీధి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ధరలను కూడా ఫోనులో విచారించవలె. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కనుక పాత ధరలను మనసులో పెట్టుకొని బేరమాడితే నిరాశ తప్పదు.

కార్యాలయాలు వదిలివేసిన లాప్‌టాప్‌లను శుభ్రపరచి, పదిహేను ఇరవై వేలకు "రిఫర్బిష్డ్" పేరుతో అమ్ముతారు. వీటిలో మంచివి ఉన్నాయి. చూడవలసిన ముఖ్యాంశం ప్రాసెసరు తరం. ఇంటెల్ ఐ5-6300 అంటే ఆరవ తరం, ఐ5-8250 అంటే ఎనిమిదవ తరం. విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పొడిగింపు నమోదు చేసికొన్న ఇళ్ళకు మరొక ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు మాత్రమే గడువు ఇచ్చారు. విండోస్ 11 నియమాల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదవ తరం లేక అంతకు పైది, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండవలె. ఆరవ, ఏడవ తరం యంత్రాలు కుప్పలుగా చవకబారడానికి ఇదొక కారణం. ఈ సంగతి ప్రకటనలో కనిపించదు. అటువంటిది ఇప్పటికే కొన్నవారు లినక్స్ వేసికొని చదువు పనులు నడుపవచ్చు. తెలుగు ముఖంతో కూడిన లిబ్రే ఆఫీస్ ఉచితం. అయిదు వందలకు "జీవితకాలపు ఆఫీసు" తాళం అమ్మేవారి జోలికి పోకపోవడం మంచిది.

ప్రభుత్వ ముద్ర గల లాప్‌టాప్‌లు వాడిన వస్తువుల ప్రకటనలలో కనిపించవచ్చు. తమిళనాడు ప్రభుత్వం 2011 నుండి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చినవి అటువంటివే. అవి అమ్మకానికి ఇచ్చినవి కావు. వాటిని కొనరాదు.

కొత్తవాటిలో ఆపిల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థలు తమ సొంత అమ్మకపు పుటలలో విద్యార్థి ధరలు ఇస్తాయి. ఆపిల్ పుటలో ఉపాధ్యాయులకు కూడా అర్హత ఉన్నది. ప్రింటరు విషయంలో ఒక్క మాట చాలు: ముందు సిరా ధర, తరువాత యంత్రం ధర.

పన్ను, బిల్లు, సరిహద్దు

2017 జూలై 1కి ముందు రాష్ట్రానికొక పన్ను ఉండేది. ఎల్లకు ఆవల కొంటే చవక అన్న మాటకు అప్పుడు కొంత అర్థం ఉండేది. జీఎస్టీ వచ్చిన తరువాత లాప్‌టాప్‌పై పన్ను దేశమంతటా 18 శాతమే. అమ్మినవాడు, కొన్నవాడు ఒకే రాష్ట్రంలో ఉంటే అది తొమ్మిది, తొమ్మిదిగా చీలుతుంది, వేరైతే ఒకే పద్దుగా కనిపిస్తుంది. మొత్తం మారదు. 35,000 వస్తువు పన్నుతో 41,300 అవుతుంది. "బిల్లు లేకుండా 37,000కు ఇస్తాను" అనేవాడు మిగిల్చేది నాలుగు వేలు, తీసికొనేది వారంటీ హక్కు. వేరొకరి జీఎస్టీ సంఖ్యపై బిల్లు వేయించి వ్యాపార ధరకు ఇప్పిస్తామనే వారిది కూడా ఇటువంటి దారే.

చిరునామాలో రాష్ట్రం గడిని జాగ్రత్తగా చూడవలె. యానాం పిన్‌కోడు 533464 ఆంధ్ర వరుసలోనిది, ఊరు మాత్రం పుదుచ్చేరిది. ఇంటికి వచ్చి మరమ్మతు చేసే వారంటీ అని వ్రాసి ఉన్నా, అది తమ పిన్‌కోడుకు వర్తిస్తుందో లేదో కంపెనీ సేవా విభాగాన్ని ముందే అడగవలె. సేవా కేంద్రం వంద కిలోమీటర్లు దూరమైతే రెండు ప్రయాణాల బస్సు ఖర్చు, పోయిన రెండు రోజుల కూలి కూడా ధరలోనివే. విదేశాలలోని బంధువులు తెచ్చే లాప్‌టాప్‌కు ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కూడా ఇదే విధంగా విచారించవలె.

పెట్టె విప్పేటప్పుడు ముద్ర చిరగక ముందు నుండి యంత్రం వెలిగే వరకు ఫోనులో వీడియో తీయడం, సీరియల్ సంఖ్యను కంపెనీ పుటలో వేసి వారంటీ మొదలైన తేదీని సరిచూడడం మంచి అలవాట్లు. కొత్తదని అమ్మిన యంత్రానికి వారంటీ ఆరు నెలల క్రితమే మొదలై ఉంటే త్రిప్పి పంపవలె.

వివాదం వచ్చినప్పుడు

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోను, పరిష్కారం ఒక నెలలోను అంగడివారు తెలుపవలె. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడే సౌకర్యం ఉన్నది. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కొన్నవారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా హొసూరు కుటుంబానికి కృష్ణగిరి చాలును. అయిదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి ద్వారా ఇంటి నుండియే దాఖలు చేయవచ్చు. బిల్లు, చెల్లింపు రసీదు, రాయితీ ప్రకటన పుట చిత్రం జతచేయవలె. ప్రకటనను కొన్ననాడే చిత్రంగా తీసి ఉంచుకొనకపోతే తరువాత అది ఆ పుటలో కనిపించకపోవచ్చు.

రాయితీ సొమ్ము పంపుతామని క్యూఆర్ గుర్తు పంపి యూపీఐ పిన్ వేయమనేది దొంగతనం. డబ్బు పుచ్చుకొనడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు. పొరపాటున వేసి సొమ్ము పోయినట్లయితే సిగ్గుపడి దాచక వెంటనే 1930కు ఫోను చేసి, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పుటలో ఫిర్యాదు నమోదు చేయవలె. దొంగ ఖాతా నుండి సొమ్ము చేతులు మారక ముందే ఫిర్యాదు చేరితే దానిని బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉంటుంది.