యంత్రమునకు ఓనమాలు

హైదరాబాదు నుండి పడమటగా బీజాపూరు వైపు సాగు రహదారి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా పోవును. మర్రిచెట్లకు పేరుపొందిన బాట అది. మొయినాబాదు చేరువలో ఒక పక్కకు మరలినచో గండిపేట చెరువు సమీపమున చిలుకూరు గ్రామము కలదు. అచటి బాలాజీ ఆలయమున హుండీ లేదు. కోరిక కోరుకొనునపుడు 11 ప్రదక్షిణములు, అది నెరవేరిన పిదప 108 ప్రదక్షిణములు చేయుట అచటి ఆచారము. గత శతాబ్దము చివరి దశకమున ఈ ప్రదక్షిణములలో ఒక కొత్త కోరిక వచ్చి చేరినది. అమెరికా 1990లో చేసిన వలస చట్టము హెచ్-1బి అను ఉద్యోగపు వీసాకు దారి తీసినది. ఆ దశకాంతమున, సంవత్సరములను రెండంకెలతో గుర్తించుటకు అలవాటుపడిన కంప్యూటర్లు 2000 సంవత్సరమున తికమక పడునన్న భయము పుట్టి, వాటిని సరిదిద్దు నిపుణులకు గిరాకీ పెరిగినది. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసినది. చదువు ముగించిన యువకులు తండోపతండములుగా చిలుకూరు చేరిరి. దేవుడు ‘వీసా బాలాజీ’ అయినాడు.

సైబర్ టవర్స్ ఎత్తుగా లేచినను, ఆ నగరము చిలుకూరు దాకా ప్రాకలేదు. దానికి కారణము నీరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచిన పిదప ఆ నదిపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ కట్టిరి. 1920లో అది పూర్తియైనది. ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927 నాటికి సిద్ధమైనది. ఈ రెండు జలాశయములను కాపాడుటకై 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, వాటి చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతపు పల్లెలనేకము ఆ జాబితాలో చేరినవి. 2022లో ఆ ఉత్తర్వు స్థానమున వేరొకటి వచ్చినది గాని, అంతవరకు అచట కాయగూరలు, పూలతోటలు నిలిచినవి. ఆ విధముగా సాఫ్టువేరు పుట్టు చోటికి గంట ప్రయాణములోనే వ్యవసాయము కొనసాగినది.

ఇందొక చిత్రమున్నది. ఆ గుడి చుట్టు తిరిగి విమానమెక్కిన యువకులు లోకమునకెల్ల సాఫ్టువేరు వ్రాసిరి. ఆ గుడికి పొరుగున దుక్కిదున్ను రైతు తన కుమారునకు సొంత లిపిలో ఒక పంక్తి సందేశము పంపుకొనుటకు మాత్రము చిరకాలము వేచియుండవలసి వచ్చినది. ఆ ఆలస్యము ఎట్లు జరిగినదో, ఎట్లు తీరినదో చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

రేడియోకు ఈ చిక్కు ఏనాడును లేదు. 1935లో ఆరంభమైన దక్కను రేడియో, 1950లో ఆకాశవాణిలో కలిసినంతవరకును, ఆ తరువాతను, గొంతును మోసుకొనిపోయినదే గాని అక్షరమును కాదు. వినువారికి చెవులున్న చాలును. కంప్యూటరు అట్లు కాదు. దానికి అంకెలు తప్ప వేరొండు తెలియదు. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కేటాయించినగాని అది చదువనేరదు, వ్రాయనేరదు. 1960ల దశకమున అమెరికావారు ఆస్కీ అను పట్టికను సిద్ధము చేసిరి. అందు 128 స్థానములు. ఇంగ్లీషునకు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, విరామచిహ్నములు అన్నియు అందు ఇమిడిపోయినవి.

తెలుగు అట్లు ఇముడునా? ‘లక్ష్మి’ అను పేరును చూడుడు. చివరి ‘క్ష్మి’ పలుకుటకు ఒక్క అక్షరము. అందులో క, ష, మ అను మూడు హల్లులు, నడుమ రెండు పొల్లులు, చివర గుడి: మొత్తము ఆరు అంశములు. అచ్చు కూర్పరులు ఈ చిక్కును వందలకొలది దిమ్మలతో తీర్చుకొనిరి. వత్తునకొక దిమ్మ, గుణింతమునకొక దిమ్మ! కంప్యూటరు వచ్చిన కొత్తలో మనవారు చేసినదియు ఇంచుమించు అదియే. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కల బొమ్మలను కూర్చిపెట్టిరి. పత్రికలు, పెండ్లి శుభలేఖలు చక్కగా అచ్చైనవి. కాని ఆ ఫాంటు లేని యంత్రమున అదే రచనను తెరచినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప కనిపించెడిది. ఒక ఫాంటున వ్రాసినది మరొక ఫాంటువారికి చదువ శక్యము కాదు. అందులో వెదకుటయు సాధ్యము కాదు. నా ఉద్దేశములో మన భాషకు ఇది చేసిన నష్టము ఇంతింత కాదు. ఇరువది యేండ్ల రచనలు బొమ్మలుగా మిగిలినవే గాని అక్షరములు కాలేదు.

రెండవ మార్గము శాస్త్రీయమైనది. రూపమునకు గాక అక్షరమునకే సంఖ్య నిచ్చి, వత్తును ఎచట వ్రేలాడదీయవలెనో యంత్రమునకే నేర్పుట. పూనాలోని సీడాక్ వంటి సంస్థల కృషితో రూపొందిన ఇస్కీ పద్ధతిని భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ప్రమాణముగా ప్రకటించినది. బ్రాహ్మి నుండి పుట్టిన లిపులన్నిటికిని అందు ఒకటే సంఖ్యల వరుస. తెలుగు ‘క’కును కన్నడ ‘క’కును సంఖ్య ఒకటే. అదే ఏట వెలువడిన యూనికోడ్ తొలి సంపుటి, ప్రపంచ లిపులకెల్ల వేరువేరు స్థానములు పంచి, తెలుగునకు 128 గదులు కేటాయించినది. ఇంగ్లీషునకు ఆస్కీలో ఉన్నన్ని గదులు!

గదులున్నంత మాత్రమున కాపురము సాగదు. అమెరికాలో హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనిన తెలుగువారు, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయు పద్ధతిని కల్పించిరి. ఆర్.టి.ఎస్. అను ఆ పద్ధతి పేరులో ఆ విశ్వవిద్యాలయము నేటికిని నిలిచియున్నది. దేశికాచారి గారు పోతన, వేమనల పేర యూనికోడ్ ఫాంటులు రూపొందించి ఉచితముగా పంచిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తనతో గౌతమి అను తెలుగు ఫాంటును తెచ్చినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. ‘లేఖిని’ అను ఉపకరణము వచ్చిన పిదప తెలుగు వ్రాయుట మరింత సులువైనది. వీరిలో పలువురు తమ ఉద్యోగము ముగించుకొని, రాత్రివేళ కూర్చుండి, పైకము ఆశింపక చేసిన పని ఇది.

అయినను పల్లెకు చేరినది కంప్యూటరు కాదు, చేతిఫోను. 2012లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు చేరినది. చౌక ఫోనులలో సైతము భారతీయ భాషలు చదువ వీలుండవలెనని కేంద్రప్రభుత్వము 2016లో ఉత్తర్వు చేసినది. అది కొంత వాయిదాపడి అమలైనది. 2017 ఆగస్టులో గూగుల్, పలికిన తెలుగును వ్రాతగా మార్చు సౌకర్యమును ఇచ్చినది.

ఇంతలో 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. ఎవరో పంపిన ఒకే ఒక తెలుగు అక్షరము చూడగానే ఆపిల్ కంపెనీ ఫోనులు స్తంభించినవి. సందేశములు చూపు కార్యక్రమములు మూతపడినవి. ఒక్కొక్కప్పుడు ఫోనే మరల మరల మొదలగుచుండెను. ఆ అక్షరము ‘జ్ఞా’. జ్ఞానమునకు మొదటి అక్షరము! పత్రికలు తెలుగు అక్షరమే ఫోనును చెరచినదని వ్రాసినవి. అది అన్యాయము. మామూలుగా వ్రాసిన ‘జ్ఞానము’ ఏ ఫోనును బాధింపలేదు. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ, కంటికి కనిపించని మరియొక సంకేతము దూరినపుడు మాత్రమే అట్లు జరిగినది. ఆ సంకేతము రెండు హల్లులు ఒకదానికింద ఒకటి చేరకుండ విడదీయును. ఎక్స్‌పి అని పైన వ్రాసినపుడు, పకారము వత్తుగా కిందికి దిగకుండ ఆపినది అదే. దానిని దీర్ఘమునకు ముందు ఉంచినపుడు యంత్రము లెక్క తప్పినది. బెంగాలీ, దేవనాగరి అక్షరములలోను కొన్నిటికి ఇదే గతి పట్టినది. తప్పు లిపిది కాదు. అట్టి కూర్పును పరీక్షింపక వదలిన రచనది. ఫిబ్రవరి 19న కంపెనీ దానిని సవరించినది.

నాకు మాత్రము ఆ సంఘటన కొంత సంతోషమునే కలిగించినది. వాడుకలో లేని లిపి ఎవరి ఫోనును ఆపదు గదా.

వ్రాత ఇంత శ్రమపడి పల్లె చేరులోపల, పలుకు మరల ముందుకు వచ్చినది. 2013లో వాట్సాప్ గొంతు సందేశములను ప్రవేశపెట్టినది. అక్షరములు రాని తల్లియు దూరదేశమందలి కుమారునకు తన మాట పంపగలుగుచున్నది. రేడియో చేసిన పనియే ఇది. భేదమేమనగా ఇపుడు వినువాడు తిరిగి పలుకగలడు.

యూనికోడ్‌లో తెలుగు గదులన్నియు ఇంకను నిండలేదు. అచ్చు లేని నకారమునకు పూర్వము వాడుచుండిన ప్రత్యేక రూపము, నకారపొల్లు, ఆ పట్టికలో చేరినది 2021లో. పాత పుస్తకములను ఉన్నవి ఉన్నట్లు కంప్యూటరులోనికి ఎక్కించువారికి అంతవరకు ఆ అక్షరము వచ్చిన ప్రతిచోట మామూలు ‘న్’ వ్రాసి సరిపెట్టుకొనవలసి వచ్చెడిది.