వర్ణచిత్ర పునరుద్ధరణము – పాఠపరిష్కరణ ధర్మము

ప్రాచీన కావ్యమును పరిష్కరింప బూనినవానికి రెండు గుణము లావశ్యకములు. ఒకటి కావ్యముపై ననురాగము. రెండవది యా యనురాగమును నిగ్రహించుకొను శక్తి. మొదటిది లేనివాడు పనికి పూనుకొనడు. రెండవది లేనివాడు పనిని చెఱచును. మూలమును ద్వేషించి పాఠమును మార్చిన వ్రాయసకాడు అరుదు. ప్రేమించి మార్చినవారే పెక్కురు. ఈ ధర్మము తాళపత్రములకే గాక యిరువదవ శతాబ్దపు వర్ణచలనచిత్రములకును వర్తించునని చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా వర్ణచిత్రముల మాతృకాస్వరూపము నెఱుగవలెను. 1932లో టెక్నికలర్ సంస్థవారి మూడు నెగటివుల పద్ధతి వెలుగులోనికి వచ్చెను. 1935లో వెలువడిన ‘బెకీ షార్ప్’ ఆ పద్ధతిని సంపూర్ణముగ తీయబడిన తొలి కథాచిత్రము. కెమెరాలోని పట్టకము కాంతిని విభజింపగా ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడంశములు మూడు నలుపు-తెలుపు నెగటివులపై వేర్వేఱుగ నిలుచుచుండెను. అనగా నెగటివులో రంగు లేదు. రంగునుగూర్చిన సాక్ష్యము మాత్రమే కలదు. ప్రదర్శనప్రతికై వానినుండి అచ్చులుదీసి రంగుల నొకదానిపై నొకటి అద్దుచుండిరి. మచిలీపట్టణపు అద్దకము నెఱిగిన మనకీ విధానము వింతగా తోపదు.

1950లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ మూడు పొరలను ఒకే నెగటివున నిమిడ్చి వ్యయమును తగ్గించెను. కాని యా పొరలలోని వర్ణకములు కాలక్రమమున క్షీణించునవి. వర్ణకము లన్నియు సమముగ క్షీణింపకపోవుటచే నాటి ప్రతులు పెక్కులు గులాబిరంగునకు తిరిగినవి. కావుననే పూర్వపద్ధతిలోని చిత్రముల వర్ణసాక్ష్యము నిలిచియుండగా, తరువాతివాని వర్ణము లనేకములు వెలిసిపోయినవి.

ఈ క్షయమునుగూర్చి గట్టిగా మొఱపెట్టినవారు చిత్రాభిమానులు. అట్టివారిలో దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ ముఖ్యుడు. ఆయన 1980 ప్రాంతమున వెలిసిపోని ఫిల్ముకై యుద్యమించెను; 1990లో ఇతర దర్శకులతో గూడి ఫిల్మ్ ఫౌండేషన్‌ను స్థాపించెను. ఆయన బాల్యమునుండి యారాధించిన చిత్రము ‘ది రెడ్ షూస్’. మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గరు లీ చిత్రమును 1948లో నిర్మించిరి; ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్. దాని మూడు నెగటివులును కుంచించుకొనిపోయి యొకదానితో నొకటి పొసగకుండెను, బూజును పట్టియుండెను. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ చిత్రభాండాగారమువారు ఆ మూటిని వేర్వేఱుగ సాంఖ్యికరూపమునకు మార్చి, సరిపోల్చి, బూజుమచ్చలను తొలగించిరి. పునరుద్ధృతచిత్రము 2009లో కాన్ ఉత్సవమున ప్రదర్శితమయ్యెను. బ్రౌనుదొర పండితులచే పెక్కుప్రతులను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించిన విధానమునకును దీనికిని స్వరూపభేదమే కాని స్వభావభేదము లేదు.

ఐనను అన్ని పునరుద్ధరణములును నిర్వివాదములు కావు. హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వెర్టిగో’ను 1996లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కట్జ్ అనువారు పునరుద్ధరించిరి. వర్ణశోభకు ప్రశంసలు లభించినవి. కాని అడుగులచప్పుడు మున్నగు శబ్దములను క్రొత్తగా కూర్చుటను కొందఱు విమర్శకు లాక్షేపించిరి. శిథిలపాఠమును పూరించుటకును, ఉన్న పాఠమును మెఱుగుపెట్టుటకును నడుమ గీత యెచ్చట గీయవలెనన్నదే యిందలి వివాదము.

ఈ ప్రశ్న మన భాషాచిత్రములకును దూరమైనది కాదు. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వెలువడిన ‘మాయాబజార్’ నలుపు-తెలుపు చిత్రము. సంపూర్ణ వర్ణచిత్రము తెలుగున 1963లో ‘లవకుశ’తో గాని రాలేదు. ‘మాయాబజార్’ను హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ సంస్థవారు రంగులలోనికి మార్చి 2010 జనవరిలో విడుదల చేసిరి. ప్రజ లాదరించిరి, క్రొత్తతర మా చిత్రమును చిత్రశాలలో చూడగలిగెను. ఈ ప్రయోజనమును మేము తక్కువచేయము. కాని దీనిని పునరుద్ధరణమనుట శాస్త్రసమ్మతము కాదు. ‘రెడ్ షూస్’నందలి యెఱుపునకు నెగటివు సాక్షి, ‘మాయాబజార్’లోని శశిరేఖ చీరరంగునకు అట్టి సాక్షి ఫిల్ముపై లేదు. మార్కస్ బార్‌ట్లే నౌకావిహారదృశ్యమున కల్పించిన వెన్నెల, వెలుగునీడల తారతమ్యముచేతనే సిద్ధించినది. దానికి రంగు పులుముట వ్యాఖ్యానమగును గాని మూలము కాదు.

వ్యాఖ్యానము దోషము కాదు. వ్యాఖ్యానమును మూలమని చెలామణి చేయుట దోషము. కావున పునరుద్ధర్తకు మూడు నియమములు విధింపదగునని మా యభిప్రాయము: మాతృకను మార్పులేక భద్రపఱచుట, చేర్చినదియు మార్చినదియు లిఖించియుంచుట, క్రొత్తప్రతితోబాటు ప్రాతప్రతినిగూడ పరిశోధకునకు లభ్యము చేయుట. అభిమానియొక్క యుత్సాహము లేనిచో భాండాగారపు తలుపే తెఱవబడదు. కాని తెఱచిన పిదప లోపలికి వెలుగుతో పోవలెను గాని రంగుకుంచెతో కాదు.